బండి గడప మీద పసుపు

ఊపిరి ఆడే ఊరు ఎక్కడుందో వెతుక్కుంటూ ప్రయాణం కట్టాల్సి వస్తుందని కౌసల్య ఏనాడూ అనుకోలేదు. కానీ ఆ ఫిబ్రవరిలో వాళ్లింట్లో భోజనాల దగ్గర జరిగిన మాటలన్నీ అవే.

కూతురు అక్షయకు తొమ్మిదేళ్లు. పుట్టింది జర్మనీలో, ష్వైన్‌ఫర్ట్‌లోనే. రెండేళ్లుగా చలికాలం సగం దాటిందో లేదో ఆ పిల్లకు ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం, ఆపైన ఈల వేసినట్టు ఊపిరి తీయడం మొదలయ్యేది. డాక్టరమ్మ పిల్ల ముంజేతి మీద చుక్కలు వేసి, సూదితో గీరి, ఉబ్బిన చుక్కలు చూపించింది. ఒకటి హాజెల్, ఒకటి ఎర్లె. రెండూ చెట్ల పేర్లే. చలి పోకముందే పుప్పొడి వదిలే చెట్లట, ఆ పుప్పొడే పిల్లకు పడదట. కరోనా కాలం కాకపోయి ఉంటే అదొక జలుబు కిందే పోయేది. ఇప్పుడు బస్సులో పిల్ల ఒకసారి దగ్గితే చాలు, చుట్టూ ఉన్న మాస్కుల పైన కళ్లన్నీ ఇటు తిరిగేవి.

బళ్లకు వారం రోజులు ఫాషింగ్ పండగ సెలవులు వస్తున్నాయి. కౌసల్య భర్త కమలాకర్ బేరింగుల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. అన్నం పళ్లెం పక్కన ఫోను పెట్టుకుని, పుప్పొడి యాప్ తెరిచి, ఒక్కో చోటునూ కొట్టేస్తూ వచ్చాడు.

“ఉత్తర సముద్రం దీవులు మంచివంటరు. అక్కడ గాలిల పుప్పొడి ఉండదు. కానీ ఇప్పుడు తుపాన్లు నడుస్తున్నయి, బండిని పడవ ఎక్కనియ్యరు.”

“మరి అందరు స్పెయిన్ పోతరు గద?” అంది కౌసల్య.

“అక్కడ సైప్రెస్ చెట్లు ఇప్పుడే పూస్తయి. బోడెన్‌జే సరస్సు కాడ వెచ్చగుంటది, అందుకే అన్నిటికంటె ముందు అక్కడనే పూస్తయి. బ్లాక్ ఫారెస్ట్ అంటవా, పేర్లనే అడవి ఉన్నది.”

“చెట్టు లేని తావు కావాలంటే చంద్రుడి మీదికే పోవాలె మీరు.”

“యా! ఆఫ్ డెన్ మోండ్!” అంది అక్షయ జర్మన్‌లో, చెంచా ఎత్తి. “అక్కడ షూలె కూడా ఉండదు! బడే ఉండదు!”

చివరికి కమలాకర్ ఒక లెక్కకు వచ్చాడు. నేల మీద మంచు కప్పి ఉన్నంతవరకు ఏ చెట్టూ పూయదు. కాబట్టి మంచు ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తుకు పోవాలి. ఆల్గోయ్ కొండల్లో, ఊరికి పైన, దేవదారు చెట్ల అంచున ఒక చిన్న క్యాంపింగ్ స్థలం దొరికింది. హోటలు వద్దనుకున్నారు. పదిమందితో కలిసి ఒకే గదిలో తినడం ఆ రోజుల్లో ఎవరికీ ఇష్టం లేదు. పక్క వీధి పెద్దాయన దగ్గర ఒక వోన్‌మొబీల్, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకున్నారు. మన పొయ్యి, మన పడక, మన గాలి. కమలాకర్ దాని మూలమూలా వాక్యూమ్ పెట్టి, ఒక కట్టడి చేశాడు.

“బండిల పొడి అన్నది ఉండొద్దు. అగరుబత్తి వద్దు, సాంబ్రాణి వద్దు, పౌడర్ వద్దు. ఆఖరికి కారం, పసుపు డబ్బాలు కూడా వద్దు. వండిన కూరలు ఫ్రీజ్ చేసి తీసుకపోదాం.”

“మరి దేవుడు?”

“దేవుడు పొడి కాదు గద. రమ్మను.”

కౌసల్య నవ్వింది కానీ, బయల్దేరే రోజు శుక్రవారం అన్న సంగతి ఆమె మనసులో ముల్లులా ఉంది.

అత్తగారు బతికుండగా ఏ శుక్రవారమూ గడప బోసిగా ఉండేది కాదు. లాక్‌డౌనుకు ముందు చూసిపోదామని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయిన మనిషి ఆమె. జగిత్యాలలో ఎట్లా ఉండేదో ష్వైన్‌ఫర్ట్‌లో మూడో అంతస్తులోనూ అట్లాగే ఉంది. వచ్చిన మొదటి రోజే తలుపు దగ్గర వంగి చూసి, “ఇదేంది బిడ్డా, ఈ ఇంటికి గడపనే లేదు. గడప లేని ఇంట్ల ఏది లోపల, ఏది బయట?” అని అడిగింది. తలుపు కింద ఉన్న సన్నటి ఇనుప పట్టీకే తడి పసుపు మూడు వేళ్లతో అద్ది, పైన కుంకుమ బొట్లు పెట్టేది. ఆ మరక చూసి ఇంటివాడు మొహం చిట్లించేవాడు. ఆమెకు అది పట్టేది కాదు.

మరుసటి ఏడు జనవరిలో కరోనా ఆమెను తీసుకుపోయింది. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఒక నర్సు ఫోను పట్టుకుంటే, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుని, “గడప ఒట్టిగ ఉంచకు,” అంది. అదే చివరి మాట. కర్మకాండ పంతులుగారు వీడియోలో చెప్తుంటే చేశారు. ఏడాది పాటు ఇంట్లో ఏ మంగళమూ లేదు. సంవత్సరీకం అయింది. ఇక పెట్టాలి అనుకుంటూనే కౌసల్య ఒక్కో శుక్రవారాన్ని దాటేస్తూ వచ్చింది. తల్లి చేతిని చివరిసారి పట్టుకోలేకపోయిన కమలాకర్, ఆ ఏడాదిలో తల్లి పేరు ఎత్తింది లేదు.

బండి తలుపు తీసి కౌసల్య కిందికి చూసింది. ఆ బండికి గడప ఉంది. అల్యూమినియందే కానీ, జానెడు వెడల్పున, కాలెత్తి దాటాల్సిన అసలు సిసలైన గడప. దాన్ని బోసిగా దాటి లోపలికి ఎక్కింది.

ఆ బోసితనమే దారంతా ఆమెను పట్టి ఉంది. కెంప్టెన్ ఊరు దాటి కొండ కింద వాగు పక్కన కాఫీకి ఆగినప్పుడు, ఒడ్డున ఒక పొద కనిపించింది. ఒక్క ఆకు లేదు. బూడిద రంగు పుల్లల నిండా గోధుమరంగు కుచ్చులు, చిటికెన వేలంత పొడుగున, గట్టిగా బిగుసుకుని కిందికి వేలాడుతున్నాయి. వాటి మీద మంచు పేరుకుని ఉంది. చూస్తే పెళ్లిపందిట్లో కట్టిన తోరణం అంచులా ఉన్నాయి. మామిడాకు దొరకని దేశంలో ఇంతకంటే తోరణం ఏముంటుంది? నాలుగు కొమ్మలు తుంచి, బండిలోకి తెచ్చి, తలుపు పైన లోపలివైపు దారంతో వరసగా కట్టింది.

కమలాకర్ ఒక కుచ్చును గిల్లి చూశాడు. “పూలు కావు గద?”

“పూలెక్కడివండి? ఎండుపుల్లలు. రాయి లెక్క ఉన్నయి చూడుండ్రి.”

నిజంగానే రాయిలా ఉన్నాయి. హాజెల్ అన్న పేరు ఆయన రోజూ ఫోన్‌లో చూసేవాడు, దాని పక్కన రంగు గీతలు చూసేవాడు. ఆ చెట్టు ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూసింది లేదు. చెట్టు అంటే ఆకాశమంత ఎత్తున ఉంటుందనే ఇద్దరూ అనుకున్నారు. వాగు పక్కన వంగి ఉన్న పొద మీదికి ఎవరి అనుమానం పోతుంది?

క్యాంపింగ్ స్థలం చేరేసరికి కొండ మీద పొగమంచు దిగి ఉంది. యజమానురాలు ఫ్రావ్ లెక్‌నర్, మాస్కు వేసుకున్న పొడుగాటి ముసలామె, దూరం నుంచే టీకా సర్టిఫికెట్లు చూసి, చెయ్యి చాపి వాళ్ల చోటు చూపించింది. అంత పెద్ద స్థలంలో బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఒకదానికొకటి దూరంగా, మంచులో సగం మునిగి ఉన్నాయి. మనుషులు కనిపించలేదు. కనిపించిన ఒకరిద్దరూ చెయ్యెత్తి, మళ్లీ పొగమంచులో కలిసిపోయారు. చప్పుడు లేదు. మంచు చప్పుడును కూడా తినేస్తుందని కౌసల్యకు అప్పుడు తెలిసింది.

కానీ అక్షయకు ఊపిరి ఆడింది. మొదటి రెండు రోజులూ ఆ పిల్ల మంచులో పొర్లింది, జారుడుబండ మీద జారింది, ఎన్నాళ్ల తరువాతో పెద్దగా అరిచింది. “చూసినవా?” అన్నాడు కమలాకర్, ఆ కొండలన్నీ తానే కట్టించినట్టు.

మూడో రోజు తెల్లవారి కౌసల్య ముందుగా లేచింది. హీటరు టిక్ టిక్ మంటోంది. కిటికీ అవతల వెలుతురు ఇంకా నీలంగా ఉంది. పాలు పెడదామని లేచి, తలుపు వైపు చూసి అట్లాగే నిలబడిపోయింది.

గడప మీద పసుపు ఉంది.

ఎక్కువ లేదు. పలచగా, మెత్తగా, గడప పొడుగునా పరుచుకుని ఉంది. చేత్తో చల్లినట్టు కాదు, ఎవరో ఓపికగా అద్దినట్టు. ఆమె వంగి వేలితో తాకింది. వేలికి పచ్చగా అంటింది.

తలుపు గొళ్లెం లోపలినుంచి వేసినట్టే ఉంది. బండిలో పసుపు అన్నది లేదు. అది ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తలుపు కొంచెం తెరిచి చూసింది. రాత్రి కురిసిన మంచు మెట్టు మీద, మెట్టు అవతల, కనుచూపు మేర నలగకుండా ఉంది. ఒక్క అడుగు జాడ లేదు. పక్క బండికి కట్టిన ఏదో లోహపు రింగు చలిగాలికి కదిలి, గాజులు తాకినట్టు చిన్నగా మోగింది.

వెనక పడకలో అక్షయ కదిలింది.

“బిడ్డా,” అంది కౌసల్య నెమ్మదిగా, “ఈడ గడప మీద ఏమన్న పోసినవా?”

పిల్ల కళ్లు తెరవలేదు. “నేను కాదు,” అంది నిద్ర గొంతుతో. “నానమ్మ పెడుతది గద.”

కౌసల్య ఒళ్లు జల్లుమంది. భయమా, భక్తా అని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. అత్తగారి చేతి పసుపు ఎన్నో ఏళ్లు చూసిన కళ్లు అవి. ఒట్టిగా ఉంచకు అన్న మనిషి, కోడలు మరిచిందని తానే వచ్చిందా? వస్తే ఈ మంచులో, ఈ పరాయి కొండ మీదికి, దారి ఎవరు చెప్పారు? దేవుడు ఇటువంటివి రానిస్తాడా? అడిగేందుకు ఎవరూ లేరు. ఆమె చేతులు జోడించి, ఆ పసుపును తుడవకుండా, కాలు ఎత్తి దాటింది. భర్తకు చెప్పలేదు. ఆయన లేచి బూట్ల కాళ్లతో దాన్ని తొక్కుకుంటూ పోతుంటే కళ్లు మూసుకుంది.

ఆ రోజు సాయంత్రం పిల్ల దగ్గింది.

మరునాడు పొద్దున గడప మళ్లీ పచ్చగా ఉంది. ఈసారి ఇంకొంచెం ఎక్కువ. దగ్గు కూడా ఎక్కువైంది. కమలాకర్ యాప్ తెరిచాడు. ఆ కొండ మీద హాజెల్ లేదు, ఎర్లె లేదు. అన్ని గీతలూ సున్నా.

“అయితే ఇది అలర్జీ కాదు,” అన్నాడు. ఆ మాట అని నాలుక కరుచుకున్నాడు. అలర్జీ కాకపోతే ఇంకేమిటో ఆ ఏడు అందరికీ తెలుసు.

పక్క బండి మనిషి దగ్గు విన్నాడు కాబోలు, మాట్లాడకుండా ఇంజన్ స్టార్ట్ చేసి, స్థలం ఆ చివరకు పోయి నిలుపుకున్నాడు. కాసేపటికి ఫ్రావ్ లెక్‌నర్ వచ్చి, మెట్టు కిందే నిలబడి, టెస్టు చేసి చూపించమని మర్యాదగానే అడిగింది. ముగ్గురూ చేసుకున్నారు. ముగ్గురికీ ఒకే గీత, కరోనా లేదు. ఆమె తల ఊపింది కానీ, కళ్లలో నమ్మకం లేదు. పోతూ పోతూ, పిల్లకు చలి తగలనివ్వద్దని చెప్పింది.

అందుకని కిటికీలన్నీ మూశారు. హీటరు పెంచారు. ఎంత బిగించి మూస్తే అంత ఎక్కువగా దగ్గింది పిల్ల.

ఆ మధ్యాహ్నమే కమలాకర్ కంట గడప పడింది. వంగి, వేలితో రాసి, కౌసల్య మొహం ముందు పెట్టాడు.

“ఏంది ఇది?”

కౌసల్య గడప వైపు చూసింది.

“పొడి వద్దంటే పసుపు తెచ్చినవా? పిల్లకు ఊపిరి ఆడుతలేదని మనం ఇంత దూరమొస్తే, నువ్వు గడపకు పూజలు చేస్తున్నవా?”

“నేను తేలేదు.”

“మరి ఎవరు తెచ్చిన్రు? ఫ్రావ్ లెక్‌నరా?”

“నేను తేలేదండి. దేవుని మీద ఒట్టు. పొద్దున లేచేసరికే ఉంటున్నది. నిన్న కూడ ఉండె.” ఆమె గొంతు తగ్గింది. “నాకైతే… అత్తమ్మ అనిపిస్తున్నది.”

కమలాకర్ మొహంలో రంగు పోయింది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. అది ఇంకా భయంగా ఉంది. “సహారా ఎడారి నుంచి ఇసుక లేస్తదట, ఈ కొండల దాకా వస్తదట, పేపర్ల చదివిన,” అన్నాడు, ఎవరికో పాఠం చెప్తున్నట్టు. “అదే అయి ఉంటది.” కానీ తుడవలేదు. తుడవడానికి గుడ్డ తీసి, చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ పెట్టేశాడు.

ఆ రోజంతా హీటరు నడుస్తూనే ఉంది. బండిలో గాలి బరువెక్కింది. కిటికీ అద్దం మీద ఆవిరి పేరుకుని బొట్లు బొట్లుగా కారుతుంటే, బయట పొగమంచులో ఏదో తెల్లగా నిలబడినట్టు, మళ్లీ లేనట్టు అనిపించేది. అక్షయ తలుపు వైపే చూస్తూ పడుకుంది.

“ఏం చూస్తున్నవ్ బిడ్డా?”

“నిష్ట్స్,” అంది పిల్ల. ఏమీ లేదని.

మూడోసారి తెల్లవారింది. గడప నిండా పసుపు. కౌసల్య దాని ముందు కూర్చుంది. పిల్ల రాత్రంతా కూర్చునే నిద్రపోయింది. ఇన్‌హేలర్ పఫ్ కొడితే కాసేపు నయం, మళ్లీ అదే ఈల. మందులతో కానిది, వచ్చిన మనిషి చేస్తుందేమో. ఆమె వట్టి చేతులతో ఎందుకు వస్తుంది? జ్వరం వచ్చినా, దిష్టి తగిలినా అత్తగారు ఆ పిల్ల నుదుట పసుపు పెట్టి, గొంతుకు రాసి, దండం పెట్టేది. కౌసల్య గడప మీదినుంచి ఆ పసుపును చిటికెడు తీసింది. నీళ్లతో తడిపి పిల్ల నుదుట బొట్టు పెట్టింది. గొంతుకు రాసింది. “తల్లీ, నీ మనవరాలు,” అంది లోపల.

గిన్నె కడిగి తిరిగేసరికి పిల్ల కళ్లు కనిపించలేదు. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. బొట్టు చుట్టూ చర్మం ఎర్రటి దద్దులు తేలింది. గొంతు మీదా అంతే. పిల్ల నోరు తెరిచి గాలిని పట్టుకోవడానికి చూస్తోంది. భుజాలు పైకి లేస్తున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు.

“అమ్మా… లుఫ్ట్… గాలి లేదు…”

కమలాకర్ ఒక్క గెంతులో డ్రైవరు సీట్లో పడ్డాడు. ఇంజన్ పట్టుకుంది, చక్రాలు తిరిగాయి, బండి కదల్లేదు. రాత్రి మోకాలి లోతు మంచు పడింది. ఊరి నుంచి మంచు తోసే బండి ఇంకా పైకి రాలేదు. ఆయన అంబులెన్సుకు ఫోను చేసి, జర్మన్‌లో అరుస్తున్నాడు. వస్తారు, కానీ దారి తెరవాలి, ఆగమంటున్నారు.

కౌసల్య పిల్లను సింకు దగ్గరికి లాగింది. ఏది పెట్టానో దాన్ని ముందు కడగాలి. అంతకుమించి ఆలోచన లేదు. చేతినిండా సబ్బు తీసి నుదుటికి రాసింది, గొంతుకు రాసింది. అప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

నురగ పచ్చగానే ఉంది.

పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది. ఇది తెలుగింట్లో బట్టలుతికిన ఏ చేతికైనా తెలుసు. పెళ్లిబట్టలు ఉతికిన నీళ్లు కుంకుమ కలిపినట్టు అవుతాయి. పండగ మరునాడు తువ్వాళ్లన్నీ ఎర్రటి మరకలే. సబ్బు తగిలి ఎరుపెక్కని పసుపు ఈ భూమి మీద లేదు. ఆమె ఇంకొంచెం సబ్బు వేసి రుద్దింది. నురగ అట్లాగే, వెలిసిపోయిన పచ్చగా, చచ్చినట్టు ఉంది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు వాసన లేదు. ఏ వాసనా లేదు.

“ఇది పసుపు కాదు,” అంది.

“ఏంది?”

“ఇది పసుపు కాదండి!”

అత్తగారు కాదు. అయితే ఇన్నాళ్లూ తెల్లవారకముందే వచ్చి గడప మీద పరుచుకున్నది ఏమిటి? ఆమె చేతులారా తీసి బిడ్డ గొంతుకు పూసింది దేన్ని? ఏదైనా సరే, అది లోపల ఉంది. ఈ మూసిన డబ్బాలో, తమతో పాటు ఉంది. ఆమె దుప్పటి లాగి పిల్లకు చుట్టి, ఎత్తుకుని, భుజంతో తలుపు తోసి, గడపను తొక్కకుండా మంచులోకి దూకింది.

“చలి! కౌసల్యా, చలి తగులుతది!”

ఆమె వినలేదు. తొడల దాకా మంచులో దిగబడుతూ బండికి దూరంగా నడిచింది. కొండగాలి కత్తిలా ఉంది. పిల్లను నిలువుగా ఎత్తి పట్టుకుని, “తీసుకో బిడ్డా, తీసుకో,” అంటూ వీపు రాసింది. కమలాకర్ పఫ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఒకటి, మళ్లీ ఒకటి. పిల్ల ఛాతీ ఎగిసింది. ఈల సన్నగా మొదలైంది. ఈల అంటే గాలి పోతున్నట్టే కదా. తరువాత ఆ ఈల కూడా నెమ్మదిగా పలచబడింది. చల్లటి గాలిలో, ఎవరూ ఊహించని విధంగా, పిల్ల ఊపిరి దారికొచ్చింది.

అప్పుడు సూర్యుడు కొండ మీదికి వచ్చాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి పొగమంచు చీలి, ఎండ నేరుగా తెరిచి ఉన్న తలుపులో పడింది. గాలికి తలుపు ఊగి, బండికి తగిలి, మళ్లీ తెరుచుకుంది. ఆ అదురుకు తలుపు పైనుంచి పచ్చటి పొగ ఒకటి జారింది. ఎండలో మెరుస్తూ, తీరిగ్గా, మెలికలు తిరుగుతూ దిగి, గడప మీద పరుచుకుంది.

ఇద్దరూ చూశారు.

తలుపు పైన ఆమె కట్టిన తోరణం ఉంది. కానీ అది ఆమె కట్టినట్టు లేదు. రాయిలా బిగుసుకున్న కుచ్చులు వెచ్చటి బండిలో రాత్రికి కొంచెం రాత్రికి కొంచెం విచ్చుకుని, బెత్తెడు పొడుగు సాగి, మెత్తగా, పచ్చగా, బతికున్న పురుగుల్లా వేలాడుతున్నాయి. ఎవరూ పైకి చూడక ఎన్నాళ్లయింది? కళ్లన్నీ గడప మీదే ఉన్నాయి.

కమలాకర్ ఫోను తీశాడు. ఒక పేరు కొట్టి, బొమ్మ చూసి, తోరణం చూసి, మళ్లీ బొమ్మ చూశాడు. ఫోను ఆమె వైపు తిప్పాడు.

“హాజెల్.”

కౌసల్య మంచులో కూలబడింది. చెట్టు లేని చోటు వెతుక్కుంటూ కొండెక్కి, ఆ చెట్టునే తోరణం కట్టి, దాని కింద పిల్లను పడుకోబెట్టింది. ఏది లోపల, ఏది బయట అని అడిగిన మనిషి గుర్తొచ్చింది.

అంబులెన్సు వచ్చింది. డాక్టరు పిల్లకు మందు ఇచ్చి, చాలాసేపు ఛాతీ విని, గండం గడిచిందన్నాడు. బండి కడిగేదాకా పిల్లను లోపలికి ఎక్కించవద్దన్నాడు. ఫ్రావ్ లెక్‌నర్ ఏమీ అడగకుండా తన వంటింట్లో కిటికీ పక్కన అక్షయకు పడక వేసింది. మాస్కు తీసి మొదటిసారి నవ్వింది.

కౌసల్య మొహానికి గుడ్డ కట్టుకుని ఆ కొమ్మలను సంచిలో మూతి బిగించి దూరంగా పారేసి వచ్చింది. ఇద్దరూ కలిసి బండి కడిగారు. దుప్పట్లు తీశారు, గోడలు తుడిచారు. చివరికి గడప దగ్గరికి వచ్చారు. ఆమె సబ్బునీళ్లు పోసి బ్రష్షుతో రుద్దింది. నురగ పచ్చగా లేచి, వెలిసిపోయి, కారిపోయింది. లోపలివైపు అంతా అంతే. ఎరుపు అన్నది లేదు. ఆమెకు ఊరటగానూ ఉంది, ఏదో పోయినట్టుగానూ ఉంది. పుప్పొడి. వట్టి పుప్పొడి. రాని మనిషిని వచ్చిందనుకుంది.

గడప బయటి అంచు మిగిలింది. తలుపు మూస్తే రబ్బరు పట్టీకి అవతల ఉండే అంచు అది. తోరణం పొడి అక్కడ పడే వీలు లేదు. వచ్చిన రోజు నుంచి దాని మీద మంచు గడ్డకట్టి ఉంది. ఆమె వేడినీళ్లు పోసి గడ్డను ఊడదీసింది. సబ్బు రాసి ఒక్కసారి రుద్దింది.

నురగ ఎర్రబడింది.

అంతటా కాదు. మధ్యలో, మూడు గీతలు పక్కపక్కన, వేళ్ల వెడల్పున. కుంకుమ కలిపినట్టు ఎరుపు తేలి, అంచు మీదినుంచి మంచులోకి చుక్కలుగా రాలింది. వేడి ఆవిరితో పాటు వాసన పైకి వచ్చింది. తడి పసుపు వాసన. ఆ వాసనలో ఏ అనుమానమూ లేదు.

కౌసల్య బ్రష్షు కింద పెట్టింది.

కమలాకర్ బకెట్టుతో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. “నువ్వు పెట్టినవా?” అన్నాడు. నిన్నటి గొంతు కాదది. అవునని చెప్పమని బతిమాలుతున్నట్టు ఉంది.

“లేదు,” అంది.

“ముందెవరన్న…” అని మొదలుపెట్టి ఆపేశాడు. పక్క వీధి పెద్దాయన బండి గడపకు పసుపు ఎవరు పెడతారు? ఆయన బకెట్టు దించి, మంచులో మోకాలి మీద కూర్చుని, ఆ మూడు గీతల మీద తన మూడు వేళ్లు ఆనించాడు. ఏడాదిగా ఎత్తని పేరు అప్పుడు ఎత్తాడు. “అమ్మ గిట్లనే పెడుతుండె,” అన్నాడు.

కౌసల్య ఆ వేళ్ల వైపు చూసింది. గడప బయట ఒకరు ఆపుతుంటే, లోపల తానే ప్రమాదాన్ని కట్టుకుని కూర్చుందా? ఆ నురగ రంగు చూడమని చెయ్యి ఆపింది తన బుద్ధేనా? దేవుడి లెక్కలు ఆమెకు తెలియవు. తెలిసినట్టు చెప్పే వాళ్లను నమ్మే అలవాటూ లేదు. గడప అంతా పొడిగుడ్డతో తుడిచింది. ఆ మూడు గీతల మీద మాత్రం గుడ్డ పెట్టలేదు.

“అమ్మా! నాన్నా!”

ఫ్రావ్ లెక్‌నర్ వంటింటి కిటికీ తెరుచుకుంది. అక్షయ తల బయట పెట్టి చెయ్యి ఊపుతోంది. రెప్పలు ఇంకా ఉబ్బే ఉన్నాయి కానీ, నోటి నుంచి ఆవిరి తెల్లగా, ఒకదాని వెనక ఒకటి, తొట్రుపాటు లేకుండా వస్తోంది. కౌసల్య ఆ ఆవిరినే చూస్తూ నిలబడింది.

పిల్ల చెయ్యి వాళ్ల వైపు ఊపడం లేదని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. కొంచెం పక్కగా, బండి తలుపు వైపు ఊపుతోంది.